బహ్రెయిన్‌లో ఫోటో ఎడిటింగ్‌కు డెస్క్‌టాప్ కంప్యూటర్

ఫోటోలు ఏరడం, రంగులు సరిచేయడం, మచ్చలు తీయడం, ఆల్బమ్ షీట్లు కూర్చడం వంటి పనుల కోసం ఎంచుకునే కంప్యూటరును ఫోటో ఎడిటింగ్ డెస్క్‌టాప్ అంటారు. పేరుకు ఒక్కటే యంత్రమైనా ఇందులో మూడు వేర్వేరు కొనుగోళ్లుంటాయి: లెక్కలు చేసే సీపీయూ డబ్బా, రంగు చూపించే మానిటర్, ఫోటోలు దాచే డిస్కులు. దుకాణాల్లో అద్దం తలుపు వెనుక రంగుల దీపాలతో కన్ను లాగేది మొదటిది. అది గేమ్స్ ఆడేవాళ్ల కోసం తయారైన సరుకు. కొనేవారి డబ్బులో సింహభాగం దానికే పోయి, మిగిలిన చిల్లరతో ఏదో ఒక మానిటర్ ఇంటికొస్తుంది. ఫోటో పనికి ఈ వరుస తలకిందులు. ముందు తెర, తరువాత డిస్కులు, ర్యామ్, ఆ తరువాతే ప్రాసెసర్ అనుకుంటే బడ్జెట్ చాలావరకు దానంతటదే తేలుతుంది.

బహ్రెయిన్‌లో ఈ కంప్యూటర్ అవసరమయ్యేవాళ్లు రకరకాలు. స్థానిక తెలుగు సంఘమైన తెలుగు కళా సమితి ఉగాది, సంక్రాంతి వేడుకలకు, పిల్లల పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు కెమెరా పట్టే ఉద్యోగులు ఒక రకం. వీరికి ఇది వారాంతపు పని, కొందరికి పక్క ఆదాయం. స్టూడియోల్లో జీతానికి రీటచింగ్ చేసేవారు మరొక రకం. ఇక కోట, గుట్టలు, సముద్రం తీసుకునే ఔత్సాహికులు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఖలాత్ అల్ బహ్రెయిన్, 2012లో చేరిన ముహర్రక్ ముత్యాల వీధులు, 2019లో చేరిన దిల్మున్ సమాధి గుట్టలు ఒక్క పూటలో తిరిగి రాగలిగినంత దగ్గరలో ఉన్నాయి. సఖీర్‌లోని 5.412 కిలోమీటర్ల రేసింగ్ ట్రాక్‌పై ఫార్ములా వన్ 2004లో మొదలైంది, 2014 నుంచి రాత్రి దీపాల కింద జరుగుతోంది. అక్కడ తీసే ఫోటోలు యంత్రానికి పెట్టే పరీక్ష వేరు. ఈ తేడాలు తెలియకుండా "ఫోటోలకు మంచి కంప్యూటర్ ఏది?" అని అడిగితే దుకాణదారు తన దగ్గరున్నదే చూపిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

తెర

ల్యాబ్ నుంచి ఆల్బమ్ నల్లగా వచ్చిందన్న ఫిర్యాదు ఫోటోగ్రాఫర్ల నోట ఎప్పుడూ వినిపించేదే. చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు. కొత్త మానిటర్ డబ్బాలోంచి బయటికి వచ్చినప్పుడు చదరపు మీటరుకు 300 కాండెలాలు, ఒక్కోసారి అంతకు మించిన వెలుగుతో ఉంటుంది. ప్రింటుకు పంపే ఫోటోలు చూడవలసింది 80 నుంచి 120 మధ్య. కళ్లు చెదిరే వెలుగులో ఫోటో బాగా తేటగా కనిపించి, ఎడిటర్ దాన్ని కాస్త తగ్గిస్తాడు; ఆ తగ్గింపే కాగితం మీద మసకగా దిగుతుంది. గల్ఫ్ ఎండ కిటికీలోంచి నేరుగా పడే గదిలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ ఎండతో పోటీపడటానికి తెర వెలుగును ఇంకా పెంచుతారు. మానిటరును కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడవైపు పెట్టి, మందపాటి పరదా వేసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మానిటర్ కొనేటప్పుడు చూడవలసింది ప్యానెల్ రకం, రంగుల విస్తృతి, పరిమాణం. ప్యానెల్ ఐపీఎస్ అయితే పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. గేమింగ్ మానిటర్ల మీద పెద్ద అక్షరాలతో రాసే 144, 240 హెర్ట్జ్ వేగం నిశ్చల చిత్రానికి ఎందుకూ కొరగాదు. 27 అంగుళాల తెర మీద 4కే స్పష్టత ఉంటే అంగుళానికి సుమారు 163 చుక్కలు, 2560×1440 అయితే సుమారు 109. మొదటిది ఫోకస్ పరీక్షకు హాయిగా ఉంటుంది, రెండోది చవక, గ్రాఫిక్స్ కార్డు మీద భారమూ తక్కువ.

రంగుల విస్తృతి దగ్గర కొంచెం నిలవాలి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణం తెచ్చాయి. వెబ్‌సైట్లు, ఫోన్లు, ఎక్కువ ఆల్బమ్ ల్యాబులు దాన్నే అనుసరిస్తాయి. 1998లో అడోబీ తెచ్చిన అడోబీ ఆర్‌జీబీ దానికంటే విశాలం, ముఖ్యంగా ఆకుపచ్చకూ నీలానికీ నడుమ ఉండే రంగుల్లో. బహ్రెయిన్ తీరంలో లోతు తక్కువైన నీళ్ల పచ్చనీలం సరిగ్గా ఆ ప్రాంతంలోకే వస్తుంది. మన నెమలికంఠం పట్టుచీర కూడా అక్కడిదే. ఎస్‌ఆర్‌జీబీ మాత్రమే చూపే తెర మీద ఆ చీర అంచు, మిగతా చీర రంగు ఒకే ముద్దగా కలిసిపోతే అది కెమెరా లోపం కాకపోవచ్చు. సముద్రం ఫోటోలను మంచి ఇంక్‌జెట్ ప్రింటరు మీద స్వయంగా అచ్చు వేసుకునేవాళ్లకు అడోబీ ఆర్‌జీబీలో 99 శాతం దాకా చూపే మానిటర్ తగినది. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరుసలు ఈ కోవకు చెందుతాయి. ఆల్బమ్ షీట్లను జేపెగ్‌గా ల్యాబుకు పంపి ఊరుకునేవారికి ఎస్‌ఆర్‌జీబీని నిక్కచ్చిగా చూపేది చాలు. డెల్ అల్ట్రాషార్ప్, ఆసుస్ ప్రోఆర్ట్ వరుసల్లో అలాంటివి దొరుకుతాయి. రంగుల విస్తృతి ఎక్కువున్న తెర కొని, దాన్ని అదుపులో పెట్టుకోలేకపోతే ప్రతి ముఖమూ ఎర్రగా కమిలినట్టు కనిపిస్తుంది. అంతకన్నా విస్తృతి తక్కువున్న తెరే మేలు.

అదుపులో పెట్టడమంటే క్యాలిబ్రేషన్. అరచేతిలో పట్టే ఒక పరికరాన్ని తెర మీద వేలాడదీస్తే, సాఫ్ట్‌వేర్ దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగుల చతురస్రాలను ఒకటొకటిగా వెలిగిస్తుంది. తెర నిజంగా ఎంత చూపుతోందో పరికరం కొలిచి ఆ తేడాను ప్రొఫైల్‌గా రాసిపెడుతుంది. దీనికి ముందు మానిటరును అరగంట వెలిగించి ఉంచాలి, పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. క్యాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ ఇందులో పేరున్నవి. నెలకొకసారి వాడే వస్తువు కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకున్నా నష్టం లేదు. లైసెన్సు నిబంధనలు మాత్రం ముందే చదువుకోవాలి.

ర్యామ్, ఒక ఆల్బమ్ షీటు

ర్యామ్ ఎంత కావాలో ఊహించనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. తెలుగు పెళ్లి ఆల్బమ్‌లో వాడుకగా ఉన్న కరిజ్మా షీటు 12×36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 3,600×10,800, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెలుకు మూడు రంగులు. ఒక్కో రంగుకు 8 బిట్లయితే షీటు 117 ఎంబీ, 16 బిట్లయితే 233 ఎంబీ. ఇది ఖాళీ షీటు సంగతి. దాని మీద వధూవరుల పెద్ద ఫోటో ఒక లేయరు, వెనుక మసకగా మంటపం ఒకటి, మూలన తలంబ్రాల ఫోటోలు నాలుగు, వాటి నీడలు, పూల అంచు, పేర్లు. పది పన్నెండు లేయర్లు పడేసరికి ఫైలు ఒక జీబీ చుట్టుపక్కలకు చేరుతుంది. వెనక్కి తిరిగి సవరించుకోవడానికి ఫోటోషాప్ దాచుకునే పాత స్థితులు వేరే. ర్యామ్ చాలకపోతే అది డిస్కు మీద స్క్రాచ్ స్థలం వాడుకుంటుంది. మౌసు నొక్కిన తరువాత బొమ్మ కదలడానికి పట్టే ఆ నిట్టూర్పు అక్కడిదే.

కాబట్టి లైట్‌రూమ్‌లో రంగులు సరిదిద్ది వదిలేసేవారికి 16 జీబీతో నడుస్తుంది. ఆల్బమ్ షీట్లు కూర్చేవారు 32 జీబీ పెట్టుకోవాలి. పనోరమాలు, 60 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్నవారికి 64 వృథా కాదు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ప్రపంచమంతా బాగా పెరిగాయి. అందుచేత ర్యామ్ తరువాత పెంచుకోగల మదర్‌బోర్డు, అందులో రెండు ఖాళీ స్లాట్లు ఉంటే అదో వెసులుబాటు.

డిస్కులు, కార్డు రీడరు

24 మెగాపిక్సెళ్ల కెమెరాలో రా ఫైలు ఒక్కొక్కటి సుమారు 30 ఎంబీ అనుకుంటే, ఒక పెళ్లిలో తీసే 3,000 ఫోటోలు 90 జీబీ. ఇద్దరు కెమెరామెన్లు ఉంటే రెట్టింపు. తిరిగే హార్డ్‌డిస్కు సెకనుకు 150 నుంచి 250 ఎంబీ చదువుతుంది, సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు మూడో తరంలో 3,500, నాలుగో తరంలో 7,000 దాకా. అంకెలు చూసి ఐదో తరం కొనాలనిపిస్తుంది. కానీ ఫోటోలు యంత్రంలోకి వచ్చేది మెమరీ కార్డు ద్వారా. మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డు హద్దు సెకనుకు 104 ఎంబీ. 64 జీబీ కార్డు ఖాళీ కావడానికి డిస్కు ఎంత ఖరీదైనదైనా పది నిమిషాల పైనే పడుతుంది. యూహెచ్‌ఎస్-2 కార్డు, దానికి తగిన రీడరు ఉంటే ఆ హద్దు 312 ఎంబీ. ఐదో తరం డిస్కుకు పోసే డబ్బులో కొంత ఒక మంచి రీడరు మీద పెడితే రోజూ కళ్లముందే తేడా తెలుస్తుంది.

ఒక టీబీ ఎన్‌వీఎంఈ మీద విండోసు, సాఫ్ట్‌వేర్లు, లైట్‌రూమ్ క్యాటలాగ్, ఈ నెల పని. పాత పని పెద్ద హార్డ్‌డిస్కు మీద. దాని నకలు మరొక డిస్కు మీద, వీలైతే మరో ఇంట్లో. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. వేరే చోటంటే క్లౌడ్ అనుకుంటే ముందు ఇంటర్నెట్ ప్యాకేజీలో అప్‌లోడ్ వేగం చూసుకోవాలి. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో 100 జీబీ ఎక్కించడానికి పదకొండు గంటల పైచిలుకు కావాలి. ప్రకటనల్లో పెద్దగా రాసేది డౌన్‌లోడ్ వేగమే.

గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు

చాలాకాలం ఫోటో పనికి గ్రాఫిక్స్ కార్డు పెద్దగా అక్కరలేదనే మాట చెల్లింది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్, కెమెరా రా లలో ఏఐ డినాయిస్ వచ్చాక ఆ మాట పాతబడింది. సఖీర్‌లో రాత్రి రేసు, హాల్లో మసక దీపాల కింద కూచిపూడి నాట్యం, రెండూ ఎక్కువ ఐఎస్‌ఓలో తీయక తప్పనివి. అలా తీసిన ఫోటోల్లో పడే గింజలు (నాయిస్) తీసే పనంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. ఫోటోకు 15 సెకన్లు పట్టే కార్డయితే 500 ఫోటోలు సుమారు రెండు గంటల్లో పూర్తవుతాయి. మూడు నిమిషాలు పట్టేదైతే 25 గంటలు. 8 జీబీ సొంత మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060, 5060 స్థాయి కార్డు ఈ పనికి సరిపోతుంది. అంతకు పైవి కొనడం వీడియో కూడా చేసేవాళ్ల లెక్క. ఎండలో తీసి, రంగు సరిచేసి వదిలేసేవాళ్లు ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్‌తో నెట్టుకురావచ్చు.

ప్రాసెసరు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఆరు నుంచి పన్నెండు కోర్ల మధ్య తరగతి చిప్పు, ఇంటెల్ అయినా ఏఎండీ అయినా, సరిపోతుంది. పాతవి కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని అధిక వోల్టేజీ వల్ల క్రమంగా పాడవుతున్నట్టు 2024లో తేలింది. కంపెనీ ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు.

మ్యాక్, విండోస్, తెలుగు అక్షరాలు

ఫోటోషాప్ 1990లో పుట్టినప్పుడు మెకింటాష్ మీద మాత్రమే నడిచేది. ఫోటోలకు మ్యాకే మేలన్న నమ్మకం అప్పటిది. ఇవాళ సాఫ్ట్‌వేర్ రెండింటి మీదా ఒక్కటే, తేడా పెట్టెలో ఉంది. 2024 నవంబరులో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ 16 జీబీ మెమరీతో మొదలవుతుంది, బరువు 670 గ్రాములు, శబ్దం దాదాపు ఉండదు. కొన్న తరువాత మెమరీ పెంచడం కుదరదు. లోపలి డిస్కు 256 జీబీతోనే మొదలవుతుంది కనుక బయటి ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో ముడి ఉంది. పెళ్లి ఆల్బమ్ మీద పేర్లు, శుభలేఖ అక్షరాలు చాలామంది డిజైనర్లు ఇప్పటికీ అను ఫాంట్లతో వేస్తారు. అవి యూనికోడ్ కావు, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ సాఫ్ట్‌వేర్. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న డిజైనరుతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే వ్యక్తికి ఆ ఒక్క కారణమే విండోస్ వైపు మొగ్గడానికి చాలు. యూనికోడ్ తెలుగు వాడేవారికి రెండూ సమానమే, కానీ ఫోటోషాప్‌లో, కొన్ని వెర్షన్లలో, ఒక అమరిక మార్చాలి: టైప్ ప్రిఫరెన్సులలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే "శ్రీ" అన్న అక్షరంలో ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది. ఇంకా పాత వెర్షన్లలో అదే అమరిక మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పేరుతో ఉండేది. అరబ్బీకీ తెలుగుకూ ఒకే మీట.

నెలనెలా చందా కట్టడం ఇష్టంలేనివారికి డార్క్‌టేబుల్, గింప్ ఉచితం. డార్క్‌టేబుల్ నేర్చుకోవడానికి ఓపిక కావాలి, నేర్చుకున్నాక రంగు మీద దానిచ్చే పట్టు గట్టిది.

వేడి, దుమ్ము, ప్లగ్గు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి వేడి 40 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. షమాల్ అనే వాయవ్య గాలి సన్నని దుమ్ము మోసుకొస్తుంది, చుట్టూ సముద్రం కనుక గాలిలో ఉప్పు, తేమ. ఏసీ గదిలో ఉన్నంతసేపు కంప్యూటరుకు ఇబ్బంది లేదు. దుమ్ము మాత్రం తలుపు సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. లోపలికి గాలి లాగే ఫ్యాన్లు బయటికి నెట్టే వాటికంటే ఎక్కువుండి, వాటికి కడుక్కోగల జాలీ ఫిల్టర్లు ఉన్న క్యాబినెట్ ఇక్కడ పనికొచ్చేది. ముందంతా గాజు పలకతో మూసిన క్యాబినెట్ చూడ్డానికే బాగుంటుంది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కెమెరా లెన్సు మీద ఆవిరి పట్టడం ఇక్కడ అందరికీ తెలిసిందే. ఏసీ కారులోంచి దించి తేమగాలిలో మోసుకొచ్చిన డెస్క్‌టాపుకూ అదే జరుగుతుంది. గంటో రెండు గంటలో గదిలో ఉంచాక స్విచ్ వేయాలి.

కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్, మన దేశంలోలాగే. ప్లగ్గు మాత్రం బ్రిటిష్ తరహా చదరపు మూడు పిన్నులది. డెస్క్‌టాపుకూ మానిటరుకూ వైరు విడిగా వస్తుంది కాబట్టి ఇంటి నుంచి తెచ్చిన యంత్రానికి వైరు మారిస్తే చాలు, అడాప్టరు అక్కర్లేదు. జుఫైర్‌లో అమెరికా నౌకాదళ స్థావరం ఉంది కాబట్టి అక్కడి యంత్రాలు పాత సరుకులో కనిపించవచ్చు. అమెరికా నుంచి వచ్చిన పాత యంత్రం కొనేటట్టయితే పవర్ సప్లై వెనుక 115, 230 అని రాసిన ఎర్ర మీట ఉందేమో చూసి 230కి జరపాలి. కొత్తవాటిలో ఆ మీట ఉండదు, 100 నుంచి 240 దాకా అదే సర్దుకుంటుంది.

ధర

బహ్రెయిన్‌లో వ్యాట్ 2019 జనవరిలో 5 శాతంతో మొదలై, 2022 జనవరి నుంచి 10 శాతమైంది. భారతదేశంలో కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. దీనారు డాలరుతో ముడిపడి ఉంది, ఒక డాలరు 0.376 దీనారు, మారకపు రేటు ఊగిసలాట లేనందువల్ల ఏ ధరనైనా సరిచూడటం తేలిక. ఉదాహరణకు ఎం4 మ్యాక్ మినీ అమెరికాలో పన్ను లేకుండా 599 డాలర్లకు విడుదలైంది. అది 225 దీనార్లు, పది శాతం వ్యాట్ కలిపితే 248. దుకాణం చెప్పే ధర దీనికి ఎంత పైన ఉందో అదే రవాణా, దిగుమతి, లాభం. గ్రాఫిక్స్ కార్డుకైనా మానిటరుకైనా ఈ లెక్క పనికొస్తుంది. మూడు దశాంశాల ధరలు చూసి కంగారుపడనక్కర్లేదు, దీనారుకు వెయ్యి ఫిల్సులు.

ఉద్యోగం మారి దేశం వదిలి వెళ్లేవాళ్లు సామాను తెగనమ్ముకోవడం గల్ఫ్‌లో ఏడాది పొడవునా ఉంటుంది. పాత వస్తువుల్లో మంచి బేరం సాధారణంగా మానిటర్, అదీ చనిపోయిన పిక్సెళ్లు, మూలల్లో వెలుగు తేడాలు చూసుకున్నాక. పెట్టె విషయంలో జాగ్రత్త. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎనిమిదో తరానికి ముందు ఇంటెల్ చిప్పుల్లో దాదాపు వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. చవగ్గా కనిపించే ఏడో తరం డబ్బాలు మార్కెట్లోకి వచ్చేది అందుకే. 27 అంగుళాల ఇంటెల్ ఐమ్యాక్‌ల తెర నిజంగా అందమైనది, కానీ ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వ్యవస్థ మ్యాక్ ఓఎస్ టాహో అని ఆపిల్ 2025లో ప్రకటించింది. రెటీనా 5కే ఐమ్యాక్‌లను మరో కంప్యూటరుకు నేరుగా కేబుల్ కలిపి మానిటరుగా వాడుకునే సదుపాయమూ లేదు. యంత్రం ముసలిదైతే తెర కూడా దానితోపాటే పోతుంది.

తిరుగు ప్రయాణం

వీసా ఉన్నన్నాళ్ల కాపురంలో డెస్క్‌టాప్ ఎందుకు, లాప్‌టాప్ చాలదా అన్న ప్రశ్న సహజం. కస్టమ్స్ నిబంధన కూడా దాన్నే బలపరుస్తుంది: భారతదేశానికి తిరిగొచ్చే పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికుడికి ఒక లాప్‌టాప్ మీద విడిగా సుంకం మినహాయింపు ఉంది, డెస్క్‌టాప్ ఆ మినహాయింపు కిందికి రాదు. అయినా ఉన్న డబ్బుకు పెద్ద తెర, ఎక్కువ డిస్కు స్థలం, వేడికి మందగించని ప్రాసెసరు డెస్క్‌టాపులోనే దొరుకుతాయి కాబట్టి నిత్యం షీట్లు కూర్చేవారికి అదే లాభం. రెండు మూడేళ్లలో వెళ్లిపోతామని తెలిసినవారు చిన్న పెట్టె, మంచి మానిటర్ తీసుకోవడం తెలివైన పద్ధతి. వెళ్లేటప్పుడు పెట్టె సూట్‌కేసులో పడుతుంది, మానిటరును ఇక్కడే అమ్మేయవచ్చు. మానిటరు కూడా తీసుకెళ్లాలనుకుంటే కొన్ననాడే అసలు డబ్బా, థర్మకోల్ పారేయకుండా దాచాలి, వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో రసీదు మీద రాయించుకోవాలి. పెద్ద టవర్ క్యాబినెట్ తప్పనిసరిగా పట్టుకెళ్లేవారు గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి విడిగా చుట్టాలి, లేకపోతే కుదుపులకు దాని బరువే స్లాటును విరుస్తుంది. ఫోటోలున్న డిస్కులు చెక్-ఇన్ సామానులో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి.